కౌంటర్ మీది తెరకు చాటు, కార్యాలయ నెట్‌వర్క్‌కు గట్టు: పరికరాలను ఎలా అమర్చుకోవాలి

భీమవరంలో రొయ్యల కొనుగోలు కార్యాలయం నడిపేవారైనా, మండపేట దగ్గర రైసు మిల్లు లెక్కలు రాసే గుమస్తాలైనా, అమలాపురంలో స్కానింగ్ సెంటర్ పెట్టినవారైనా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "కంప్యూటర్‌లో ఉన్నది పక్కవాళ్ళ కంట పడకుండా ఏ పరికరం కొనమంటారండీ?" ఏది కొనాలన్నది రెండో ప్రశ్న. ఇప్పుడు మీ సమాచారం ఏ దారిన బయటకు పోతున్నదో తెలుసుకోవడం మొదటిది. మన చిన్న కార్యాలయాల్లో ఆ దారులు రెండే. ఒకటి కంటి దారి, అంటే తెరను ఎదుటివారు చదివేయడం. రెండోది తీగ దారి, అంటే కౌంటర్ కంప్యూటర్, సీసీ కెమెరాల బొమ్మలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె, వచ్చిపోయేవారి ఫోన్లు అన్నీ ఒకే పెట్టెకు వేలాడుతూ ఒకదాన్నొకటి చూడగలగడం. రెండు నుంచి పది కంప్యూటర్ల వరకూ ఉన్న కార్యాలయంలో ఈ రెండు దారులనూ ఎలా మూయాలో, మూసిన తరువాత నిజంగా మూతపడ్డాయో లేదో ఎలా పరీక్షించాలో కింద వరుసగా చెబుతాను.

ముందుగా ఒక భయం తీరుస్తాను. మానిటర్ నుంచి వెలువడే విద్యుదయస్కాంత సంకేతాలను దూరం నుంచి పట్టి, తెర మీది బొమ్మను తిరిగి చూడవచ్చని విమ్ వాన్ ఎక్ అనే డచ్ పరిశోధకుడు 1985లో చూపించిన మాట నిజమే. అటువంటి ప్రమాదానికి కవచం కట్టుకోవడం సైనిక, దౌత్య కార్యాలయాల పని. ఆ పేరు చెప్పి ఎవరైనా మీకు ఖరీదైన పెట్టె అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి. మీ కౌంటర్ పక్కన కుర్చీలో కూర్చున్న మనిషికి ఏ యంత్రమూ అక్కరలేదు, తల కొంచెం తిప్పితే చాలు.

కావలసినవి

కొలతల టేపు, తెల్ల కాగితం, పెన్సిలు, కెమెరా ఉన్న ఫోను ఈ రోజే అవసరం. మిగిలినవి మొదటి రెండు మెట్లు అయిన తరువాతే కొనండి. అవి: మానిటర్ సైజుకు సరిపోయే ప్రైవసీ ఫిల్టర్, ల్యాప్‌టాప్‌లు ఉంటే కేబుల్ తాళం, పల్చటి కెమెరా మూత, వేర్వేరు నెట్‌వర్కులను విడదీయగలిగిన రౌటర్ లేదా ఫైర్‌వాల్ (అక్కరలేని రాకపోకలను ఆపే కాపలా) పెట్టె ఒకటి, తీగతో కలిపిన పరికరాలు ఎక్కువగా ఉంటే వీల్యాన్ (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్కులుగా పంచే ఏర్పాటు) పెట్టుకునే వీలున్న ఎనిమిది పోర్టుల స్విచ్, కొన్ని క్యాట్6 నెట్‌వర్క్ కేబుళ్ళు, ఖాళీ పోర్టులను మూసే ప్లాస్టిక్ బిరడాలు. వీటికి తోడు రౌటర్‌కూ స్విచ్‌కూ కరెంటు పోయినా నడిచే యూపీఎస్ ఉండాలి, ఆ ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా ఉన్నదని ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి.

1. ముందు కస్టమర్ కుర్చీలో కూర్చోండి

తెర మీద నిజమైన ఖాతాలను కాకుండా, అదే సైజు అక్షరాలతో ఉత్తుత్తి పేర్లూ అంకెలూ ఉన్న జాబితాను ఒకటి తెరిచి పెట్టండి. ఆ తరువాత కార్యాలయంలో ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడతారో, కూర్చుంటారో ఆ ప్రతి చోటి నుంచీ ఫోనుతో తెరను ఫొటో తీయండి. కస్టమర్ కుర్చీ, వరుసలో నిలబడే చోటు, గుమ్మం, కిటికీ బయట, టీ తెచ్చే కుర్రాడు నడిచే దారి, ఏదీ వదలకండి. ఆపైన ఫొటోను పెద్దది చేసి చూడండి. అందులో అంకెలు చదవగలిగితే ఆ చోటు నుంచి మీ సమాచారం పోతున్నట్లే. కాగితం మీద గది పటం గీసి, చదవగలిగిన చోట్లకు అడ్డగుర్తు పెట్టండి. కంటికి మసకగా కనిపించినది ఫోను కెమెరాకు స్పష్టంగా దొరుకుతుంది కనుక, "అంత దూరం నుంచి ఏం కనబడుతుందిలే" అన్న అంచనాను నమ్మవద్దు.

మూడు చోట్లను దాదాపు అందరూ మరచిపోతారు. మొదటిది, కుర్చీ వెనుక గోడకు తగిలించిన దేవుడి పటం. గాజు బిగించిన ఆ పటంలో మానిటర్ మొత్తం ప్రతిఫలిస్తుంది. ఎదురుగా కూర్చున్నవారు మీ భుజం మీదుగా పటానికి దణ్ణం పెడుతూనే మీ లెక్కలు చూడగలరు. అంకెలు అద్దంలో తిరగబడి కనిపించినా ఫొటోను తిప్పుకుంటే సరిపోతుంది. పటాన్ని ఒక మూర పక్కకు జరిపితే సమస్య పోతుంది. రెండోది, రోడ్డు వైపు గాజు తలుపు. పగటి పూట బయటి వెలుతురుకు అది అద్దంలా ఉండి లోపలిది కనిపించనివ్వదు కానీ, చీకటి పడి లోపల లైటు వేశాక రోడ్డు మీద నిలబడినవారికి గదంతా నాటకం స్టేజీలా కనిపిస్తుంది. అందుచేత ఈ పరీక్షను పగలు ఒకసారి, రాత్రి ఏడు దాటాక మరొకసారి చేయాలి.

మూడోది మీ సొంత సీసీ కెమెరా. గల్లాపెట్టె కనిపించాలని పైన బిగించిన కెమెరా, గల్లాపెట్టెతో పాటు మానిటర్‌నూ కీబోర్డునూ రికార్డు చేస్తూ ఉంటుంది. డీవీఆర్‌లో నిన్నటి రికార్డు తెరిచి, మీరు పాస్‌వర్డ్ కొట్టిన సమయానికి వెళ్ళి, పెద్దది చేసి చూడండి. వేళ్ళు ఏ మీట మీద పడుతున్నాయో తెలుస్తూ ఉంటే కెమెరాను కొంచెం తిప్పించండి, లేదా డీవీఆర్ సెట్టింగుల్లో ఆ భాగాన్ని నల్ల పట్టీతో కప్పే ఏర్పాటును వాడండి. చాలా డీవీఆర్‌లలో అది ప్రైవసీ మాస్క్ అన్న పేరుతో ఉంటుంది.

2. బల్లను తిప్పండి, తరువాతే ఖర్చు పెట్టండి

అడ్డగుర్తులు ఎక్కువగా ఉన్న వైపుకు మానిటర్ వీపు ఉండేలా బల్లను తిప్పడం అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా గట్టి రక్షణ. ఆపరేటర్ వెనుక కిటికీ కాకుండా గోడ ఉండాలి. కిటికీ ఉంటే బయటివారికి తెర కనిపించడమే కాక, తెర మీద వెలుతురు పడి ఆపరేటర్‌కే అక్షరాలు కనిపించవు.

ఇక్కడ వాస్తు అడ్డం వస్తుందని నాకు తెలుసు. యజమాని తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి కూర్చోవాలన్న పట్టింపు ఉన్నచోట నేను వాదించను. కుర్చీని అలాగే ఉంచి మానిటర్‌ను మాత్రం తిరిగే చేతికి బిగిస్తే సరిపోతుంది. మానిటర్ వెనుక నాలుగు మరల రంధ్రాల మధ్య దూరం కొలవండి. అది సాధారణంగా అటూ ఇటూ 75 మిల్లీమీటర్లు లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది. బజారులో దొరికే చేతులు ఎక్కువగా ఈ రెండు కొలతలకూ సరిపోతాయి. కొన్ని చవక మానిటర్లకు ఆ రంధ్రాలే ఉండవు కనుక కొనేముందు చూసుకోండి.

బిల్లును కస్టమర్‌కు చూపించక తప్పని వ్యాపారమైతే, మీ మానిటర్‌ను అతని వైపు తిప్పే అలవాటు మానుకొని, అతని వైపుకు చిన్న రెండో తెర పెట్టండి. విండోస్ కీతో పాటు పీ నొక్కితే వచ్చే జాబితాలో 'డూప్లికేట్' ఎంచుకుంటే మీ తెరంతా అటు కూడా కనిపిస్తుంది. 'ఎక్స్‌టెండ్' ఎంచుకొని, బిల్లు కిటికీని మాత్రమే అటు జరపాలి. రెండో తెర కొనుక్కొని కూడా డూప్లికేట్‌లోనే నెలల తరబడి నడిపిన కౌంటర్లను నేను చూశాను.

అదే సమయంలో మానిటర్ వెనుక నుంచి బయలుదేరే ప్రతి కేబుల్‌నూ చేత్తో పట్టుకొని చివరి దాకా వెళ్ళండి. లోపలి గదిలో యజమాని చూడడానికని ఒకప్పుడు పెట్టిన హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ (ఒకే బొమ్మను రెండు తెరలకు పంచే ముక్క) ఇప్పటికీ ఎక్కడో గోడ టీవీకి బొమ్మ పంపుతూ ఉండవచ్చు. తీగ లేకుండా టీవీకి బొమ్మ పంపే ఏర్పాటు ఎప్పుడైనా వాడి ఉంటే, ఆ టీవీని కంప్యూటర్ పరికరాల జాబితాలోంచి తొలగించండి.

3. ప్రైవసీ ఫిల్టర్‌ను కొలిచి బిగించండి

బల్ల తిప్పిన తరువాత కూడా పక్క నుంచి అడ్డగుర్తులు మిగిలితేనే ఫిల్టర్ అవసరం. దానిలో సన్నని నిలువు పలకలు కిటికీ తడికల్లా పక్కపక్కన ఉంటాయి. ఎదురుగా చూసేవారికి దారి ఇచ్చి, పక్క నుంచి చూసేవారికి నల్లగా మూసుకుంటాయి. ఎదుటి గీత నుంచి అటూ ఇటూ సుమారు 30 డిగ్రీలు దాటాక మసక మొదలవుతుంది.

కొనుగోలులో జరిగే పెద్ద పొరపాటు సైజు. మానిటర్ సైజును మూల నుంచి మూలకు అంగుళాల్లో చెబుతారు కానీ, అదే అంగుళాల్లో వేర్వేరు ఆకారాలు ఉంటాయి. పాత చదరపు 19 అంగుళాల మానిటర్‌లో వెలిగే భాగం సుమారు 376 మిల్లీమీటర్ల వెడల్పు, 301 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే, వెడల్పాటి 19 అంగుళాల దానిలో అది సుమారు 408కి 255 ఉంటుంది. నేను కూడా ఒకసారి అంగుళాలు మాత్రమే చెప్పి తెప్పించి, చదరపు మానిటర్ ముందు వెడల్పాటి ఫిల్టర్ పట్టుకొని నిలబడ్డాను. అందుచేత ఫ్రేము అంచును వదిలి, వెలిగే భాగం వెడల్పునూ ఎత్తునూ విడివిడిగా మిల్లీమీటర్లలో కొలిచి, ఆ రెండు అంకెలతోనే కొనండి. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌కు సుమారు 344కి 194, 21.5 అంగుళాల మానిటర్‌కు సుమారు 476కి 268 రావాలి. మీ కొలత వీటికి బాగా దూరంగా ఉంటే టేపును మరోసారి పెట్టి చూడండి. పెద్దది తెచ్చి కత్తెరతో సరిచేసుకోవచ్చని చెప్పే అమ్మకందారు మాట వినకండి, అంచులు లేచిపోతాయి.

బిగించేటప్పుడు మానిటర్‌ను ఆపి, మెత్తని పొడిగుడ్డతో తుడవండి. రైసు మిల్లుల్లో ఊక దుమ్ము తెర మీద పొరలా ఉంటుంది. తుడవకుండా ఫిల్టర్ పెడితే ఆ రేణువులే గీతలు పెడతాయి. ఫిల్టర్ మీద రక్షణగా అంటించిన పల్చటి పొర ఉంటే రెండు వైపులా తీసేయండి. దాన్ని తీయకుండా వాడుతూ "తెర మబ్బుగా ఉందండీ" అని ఫోను చేసినవారు ఒకరిద్దరు కాదు. అతికించే పట్టీలు మన డెల్టా గాలి తేమకు, ముఖ్యంగా నరసాపురం, అంతర్వేది వంటి తీరప్రాంతాల్లో, తొందరగా ఊడిపోతాయి. వీలైతే ఫ్రేము పక్కన అంటుకునే చిన్న నాలుకల్లోకి ఫిల్టర్‌ను జార్చే రకం తీసుకోండి. శుభ్రం చేయడానికి కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డ చాలు. స్పిరిటు, గాజు తుడిచే ద్రవాలు వాడవద్దు.

సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి ఇలా చేయండి. తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో ఎదురుగా నేల మీద సుద్దతో చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి పక్కకు, తెరకు సమాంతరంగా, 35 సెంటీమీటర్ల దగ్గర రెండో చుక్క, 60 సెంటీమీటర్ల దగ్గర మూడో చుక్క పెట్టండి. రెండో చుక్క 30 డిగ్రీలు, మూడోది 45 డిగ్రీలు. రెండో చుక్క దగ్గర మసక మొదలై, మూడో చుక్క దగ్గర ఉత్తుత్తి జాబితాలో ఒక్క అంకె కూడా ఫొటోలో చదవడానికి వీలు లేకుండా ఉండాలి. ఎడమ, కుడి రెండు వైపులా చూడండి.

దీని హద్దులు కూడా తెలిసి ఉండాలి. మీ వెనుక నిలబడినవారిని ఫిల్టర్ ఆపదు. వారు మీరు చూసే గీతలోంచే చూస్తున్నారు. మానిటర్‌ను నిలువుగా తిప్పి వాడేవారు పలకల దిశ కూడా తిరిగిపోతుందని గుర్తుంచుకోవాలి, అప్పుడు అది పై నుంచీ కింద నుంచీ మూస్తుంది కానీ పక్కల నుంచి మూయదు. పైగా ఫిల్టర్ వెలుతురును తగ్గిస్తుంది కనుక పెద్ద వయసు గుమస్తాలు కళ్ళు లాగుతున్నాయంటారు. తెర వెలుగు పెంచి, అక్షరాల సైజు పెంచి చూడండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ఫిల్టర్ తీసేసి, కౌంటర్ పక్కన మూడడుగుల చెక్క అడ్డు పెట్టించండి. నా అభిప్రాయంలో చాలా కౌంటర్లకు ఆ చెక్కే మేలు.

4. కుర్చీ ఖాళీ అయినప్పుడు

లేచిన ప్రతిసారీ విండోస్ కీతో పాటు ఎల్ నొక్కడం అలవాటు చేయించండి. మరచిపోయినా రెండు, మూడు నిమిషాల్లో తెర తానే మూతపడి, తిరిగి పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగు పెట్టండి. పెట్టాక గడియారం చూస్తూ ఒకసారి ఆగి పరీక్షించండి, ఎందుకంటే తెర నల్లబడి, మౌస్ కదపగానే పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటే ఆ సెట్టింగు సగమే పెట్టినట్లు.

ల్యాప్‌టాప్‌కు కేబుల్ తాళం కొనేముందు పక్కన ఉన్న తాళపు గాడిని కొలవండి. మామూలు కెన్సింగ్టన్ గాడి 7కి 3 మిల్లీమీటర్లు. కొత్త పల్చటి వాటిలో 6కి 2.5 ఉండే నానో గాడి వస్తున్నది. కొన్ని డెల్ మోడళ్ళలో వెడ్జ్ అనే మరో ఆకారం ఉంటుంది. ఒకదానికి కొన్న తాళం మరొకదానికి ఊగులాడుతుంది. కేబుల్ రెండో కొసను బల్ల కాలికి చుట్టవద్దు, కాలు ఎత్తితే కేబుల్ జారి వస్తుంది. గోడకు బిగించిన కొక్కెంలోంచి పోనివ్వండి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తాళం బిగుసుకుపోకుండా నెలకొకసారి తీసి వేయండి.

కెమెరా మూత పల్చగా ఉండాలి. మందపాటి మూత పెట్టి మూసిన మ్యాక్‌బుక్‌ల తెర పగిలే ప్రమాదం ఉన్నదని 2020లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది; మందం 0.1 మిల్లీమీటరు మించకూడదన్నది వారి మాట. ఏ ల్యాప్‌టాప్‌కైనా ఆ జాగ్రత్త మంచిదే. చిన్న కాగితపు ముక్క అంటించినా పని జరుగుతుంది.

ఇక సీపీయూ వీపు. కీబోర్డు తీగకూ సీపీయూకూ మధ్య వేలెడంత ముక్కను ఇరికిస్తే, మీరు కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది దాచుకుంటుంది. యాంటీవైరస్ దాన్ని పట్టుకుంటుందని నమ్మలేం. పని పూర్తయిన రోజున సీపీయూ వెనుక భాగాన్ని ఫొటో తీసి దాచుకోండి. నెలకొకసారి, బయటివారు ఎవరైనా రిపేరుకు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఆ ఫొటోతో పోల్చి, కొత్త ముక్క ఏదైనా వచ్చిందేమో చూడండి. వాడని యూఎస్‌బీ పోర్టులకు బిరడాలు పెట్టండి. "కొంచెం ఛార్జింగ్ పెట్టండి బాబూ" అని ఫోను ఇచ్చే పెద్దవారికి కాదనలేరు కనుక, గోడ ప్లగ్గులో వేరే ఛార్జర్ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి; కస్టమర్ ఫోను మీ కంప్యూటర్‌కు తగలకూడదు.

కార్యాలయపు ఈమెయిల్ ఖాతాకు పాస్‌వర్డ్‌తో పాటు యూఎస్‌బీ భద్రతా కీ (పోర్టులో గుచ్చితేనే ఖాతా తెరిచే చిన్న ముక్క) పెట్టుకుంటే, భుజం మీదుగా పాస్‌వర్డ్ చూసినవారికి కూడా ఆ ఖాతా తెరుచుకోదు. రెండు కీలు కొని, రెండింటినీ ఖాతాకు జతచేసి, ఒకటి ఇంట్లో బీరువాలో ఉంచండి. ఒక్కటే కొని పోగొట్టుకుంటే మీరే బయట నిలబడతారు.

5. నెట్‌వర్క్‌ను మూడుగా విడదీయండి

చేలో గట్టు లేకపోతే పై మడి నీరు కింది మడిలోకి ఎలా పోతుందో, ఒకే రౌటర్‌కు అన్నీ కలిపినచోట సమాచారం అలాగే పోతుంది. మీకు మూడు మడులు కావాలి: లెక్కల కంప్యూటర్లూ ప్రింటరూ ఒకటి, కెమెరాలూ డీవీఆరూ ఒకటి, వచ్చిపోయేవారి వైఫై ఒకటి. దీనికి మూడు మార్గాలు ఉన్నాయి. మీ అవసరాన్ని బట్టి ఒకటి ఎంచుకోండి.

తేలికైన మార్గం, గెస్ట్ నెట్‌వర్క్ ఉన్న వైఫై రౌటర్. కస్టమర్లకూ సిబ్బంది సొంత ఫోన్లకూ గెస్ట్ పేరు, దానికి వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. గెస్టులు లోపలి నెట్‌వర్క్‌ను చూడడానికి అనుమతి ఇచ్చే గడి ఉంటే దానిలో టిక్కు తీసేయండి. డీవీఆర్ తీగతో ఉంటుంది కనుక ఈ పద్ధతిలో అది మాత్రం లెక్కల మడిలోనే మిగిలిపోతుంది. అది ఈ మార్గం లోపం.

రెండో మార్గం, ఇంటర్‌నెట్ సంస్థ ఇచ్చిన పెట్టె వెనుక మీ సొంత రౌటర్ ఒకటి పెట్టడం. ఇక్కడే ఎక్కువమంది తలకిందులు చేస్తారు. "కార్యాలయానిది అసలు పెట్టె, వచ్చేవారిది కొత్త పెట్టె" అనుకొని లెక్కల కంప్యూటర్లను బయటి పెట్టెకు, అతిథులను లోపలి పెట్టెకు కలుపుతారు. లోపలి రౌటర్ వెనుక ఉన్నవారు బయటి దానికి కలిసిన పరికరాలను చూడగలరు, బయటివి లోపలికి చూడలేవు. కాబట్టి లెక్కల కంప్యూటర్లు లోపలి రౌటర్ వెనుక ఉండాలి. డీవీఆరూ అతిథుల వైఫైయూ బయటి పెట్టెకు ఉండాలి. మరో పొరపాటు, రెండు పెట్టెలను కలిపే కేబుల్‌ను లోపలి రౌటర్ వాన్ పోర్టులో (ఇంటర్‌నెట్ లోపలికి వచ్చేది) కాకుండా మామూలు ల్యాన్ పోర్టులో (కంప్యూటర్లను కలిపేది) గుచ్చడం. అలా చేస్తే ఇంటర్‌నెట్ వచ్చినట్లే వస్తుంది కానీ ఆ రౌటర్ ఉత్త స్విచ్‌గా మారిపోయి, గట్టు అన్నదే ఉండదు. రెండు పెట్టెల్లోనూ 192.168.1 తో మొదలయ్యే చిరునామాలే ఉంటే గొడవ వస్తుంది. లోపలి దానిలో 192.168.10 గా మార్చండి.

మూడో మార్గం, వీల్యాన్ తెలిసిన రౌటర్ లేదా ఫైర్‌వాల్, దానికి తోడు వీల్యాన్ స్విచ్. రెండు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న కంప్యూటర్‌లో ఓపీఎన్‌సెన్స్ లేదా పీఎఫ్‌సెన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ఫైర్‌వాల్‌గా మార్చుకోవచ్చు. లేదంటే మైక్రోటిక్ వంటి చిన్న రౌటర్ తీసుకోవచ్చు. లెక్కలకు 10, కెమెరాలకు 20, అతిథులకు 30 అని నంబర్లు పెట్టుకొని, స్విచ్‌లో రౌటర్‌కు వెళ్ళే పోర్టును మూడింటికీ ట్యాగ్‌తోనూ (సమాచారం ఏ మడిదో చెప్పే నంబరు చీటీ), కంప్యూటర్ పోర్టులను 10కీ డీవీఆర్ పోర్టును 20కీ ట్యాగ్ లేకుండానూ ఉంచండి. చవక స్విచ్‌లలో మరో గడి కూడా ఉంటుంది, దాని పేరు పీవీఐడీ; ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చినదాన్ని ఏ మడిలో వేయాలో అది చెబుతుంది. ట్యాగ్ లేని పోర్టును 20లో చేర్చి పీవీఐడీని 1గానే వదిలేస్తే, డీవీఆర్ పంపేదంతా పాత మడిలోకే పోతుంది. విడదీశామనుకున్నా పని జరగని చోట్ల నేను మొదట తెరిచి చూసేది ఆ గడినే. సెట్టింగులు మార్చేటప్పుడు మీ ల్యాప్‌టాప్ ఉన్న పోర్టును చివరిగా మార్చండి. ముందే మార్చితే స్విచ్ పేజీ మీకే మూసుకుపోయి, సూదితో రీసెట్ నొక్కి మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. ఆ అనుభవమూ నాకు ఉన్నది.

ఏ మార్గమైనా రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, సాఫ్ట్‌వేర్ తాజా చేయడం, వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అనే రక్షణ పద్ధతి పెట్టడం, డబ్ల్యూపీఎస్‌నూ (మీట నొక్కి లేదా పిన్‌తో వైఫైకి కలిపే వీలు) యూపీఎన్‌పీనీ (పరికరాలు తమంతట తామే రౌటర్‌లో దారి తెరుచుకునే వీలు) బయటి నుంచి రౌటర్ పేజీ తెరిచే వీలునూ ఆపేయడం తప్పనిసరి. డీవీఆర్‌ను ఫోనులో చూడాలని సెట్టింగు చేసినవారు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్‌నెట్ నుంచి నేరుగా డీవీఆర్ దాకా దారి తెరిచే సెట్టింగు) పెట్టి వెళ్ళారేమో చూసి, ఉంటే తీసేయండి. ఆ తరువాత ఫోనులో కెమెరాలు కనిపించకపోతే డీవీఆర్ కంపెనీ యాప్ ద్వారా చూసే పద్ధతికి మారండి. డీవీఆర్ పాస్‌వర్డ్ కూడా పెట్టెతో వచ్చినదే ఉంటే ఈ పూటే మార్చండి.

కార్యాలయానికీ గోదాముకూ మధ్య ఆరుబయట తీగ వేయవలసి వస్తే రాగి కేబుల్ వద్దు. అది 100 మీటర్లకు మించి పనిచేయదు, పిడుగు పడినప్పుడు రెండు వైపుల పరికరాలనూ కాల్చివేయగలదు. ఫైబరు వేసి రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబరును మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు కలిపే చిన్న పెట్టెలు) పెట్టండి.

6. ఒక్క దిశలోనే పోవలసిన సమాచారం: కాటా ఉదాహరణ

ధాన్యం లారీలను తూచే వేబ్రిడ్జి ఉన్న మిల్లుల్లో బరువు కాటా నుంచి బిల్లు కంప్యూటర్‌కు రావాలి. కంప్యూటర్ నుంచి కాటాకు ఏమీ పోనక్కర లేదు. పెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఇటువంటి పనికి డేటా డయోడ్ అనే పరికరం వాడతారు. పంపే ఫైబరు మాత్రమే ఉండి తిరిగి వచ్చే ఫైబరు లేకపోవడమే దాని కిటుకు. మీకు అది అవసరం లేదు. కాటా డిస్‌ప్లే పెట్టె పాత తరహా తొమ్మిది పిన్నుల సీరియల్ తీగతో బరువు పంపేదైతే, చిన్న పనితో అదే ఫలితం వస్తుంది.

కంప్యూటర్ వైపు కనెక్టర్‌లో 2వ పిన్ను వినేది, 3వ పిన్ను పంపేది, 5వది గ్రౌండు. కాటా పంపే తీగను 2కూ, గ్రౌండును 5కూ కలిపి, 3వ పిన్నును ఖాళీగా వదిలేసిన కేబుల్ చేయించండి. కంప్యూటర్‌లో ఏ పాడు ప్రోగ్రాము చేరినా ఆ తీగ మీదుగా కాటాకు ఒక్క అక్షరం కూడా పంపలేదు, ఎందుకంటే పంపడానికి తీగే లేదు. పరీక్ష సులువు: లారీ ఎక్కించి బరువు కంప్యూటర్‌లో మారుతున్నదో లేదో చూడండి. మారకపోతే మీ కాటా కంప్యూటర్ అడిగితేనే బరువు చెప్పే రకం కావచ్చు. డిస్‌ప్లే సెట్టింగుల్లో ఎడతెగకుండా పంపే పద్ధతి ఉంటే దానికి మార్చాలి, లేకపోతే ఈ ఉపాయం మీకు పనికిరాదు. ఒక హెచ్చరిక: తూనికలు కొలతల శాఖ సీలు వేసిన భాగాన్ని దేన్నీ ముట్టుకోవద్దు. మార్పు కంప్యూటర్ వైపు కేబుల్ కొసలోనే చేయించండి, కాటా సెట్టింగు మార్చవలసి వస్తే దాన్ని నిర్వహించే లైసెన్సు ఉన్న మెకానిక్‌నే పిలవండి.

7. పరీక్షించండి

ఒక ఫోనును అతిథుల వైఫైకి కలిపి, ఉచితంగా దొరికే పింగ్ యాప్‌తో లెక్కల కంప్యూటర్ చిరునామాకు కబురు పంపండి. జవాబు రాకపోతే సంతోషించడానికి ఇంకా సమయం ఉన్నది. విండోస్ కంప్యూటర్లు చాలావాటిలో సొంత ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబు ఇవ్వదు. అందుచేత గట్టు లేకపోయినా జవాబు రాదు. దానికి బదులు ప్రింటర్ చిరునామాకు పింగ్ చేయండి, ప్రింటర్లు సాధారణంగా పలుకుతాయి. ముందు ఫోనును లెక్కల మడిలోనే కలిపి ప్రింటర్ పలుకుతున్నదని చూసి, తరువాత అతిథుల వైఫైకి మారి అదే పరీక్ష చేయండి. మొదటిసారి పలికి రెండోసారి పలకకపోతేనే గట్టు నిలిచినట్లు. అదే విధంగా అతిథుల వైఫై నుంచి బ్రౌజరులో రౌటర్ పేజీ, డీవీఆర్ పేజీ తెరవడానికి ప్రయత్నించండి. రెండో మార్గం ఎంచుకున్నవారికి డీవీఆరూ బయటి పెట్టె పేజీ తెరుచుకుంటాయి, అది ఆ అమరికలో సహజం. లెక్కల కంప్యూటర్లూ ప్రింటరూ మాత్రం అందకూడదు. డీవీఆర్ పోర్టులోంచి కేబుల్ తీసి మీ ల్యాప్‌టాప్‌కు గుచ్చి, అక్కడి నుంచి కూడా ప్రింటర్‌ను పిలిచి చూడండి; అది పలకకూడదు (మొదటి మార్గంలో డీవీఆర్ లెక్కల మడిలోనే ఉంటుంది కనుక అక్కడ మాత్రం పలుకుతుంది).

అన్నీ సరిగా ఉన్నాయని తేలాక రౌటర్‌కూ స్విచ్‌కూ కరెంటు తీసి, ఐదు నిమిషాల తరువాత ఇచ్చి, మొత్తం పరీక్షను మళ్ళీ చేయండి. కొన్ని స్విచ్‌లలో సెట్టింగులు మార్చాక 'సేవ్' అన్న మీటను విడిగా నొక్కకపోతే, కరెంటు పోయి రాగానే అవి పాత స్థితికి వెళ్ళిపోతాయి. ఉదయం పరీక్షలో నెగ్గి, సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చాక మళ్ళీ అన్నీ ఒకే మడిలో కలిసిపోయిన కార్యాలయాన్ని నేను సరిచేశాను. యజమాని అప్పటిదాకా నిశ్చింతగానే ఉన్నారు.

వాడని స్విచ్ పోర్టులను సెట్టింగుల్లో ఆపేసి బిరడాలు పెట్టండి. ఏసీ బాగుచేసేవారో కెమెరాలు సర్దేవారో వచ్చినప్పుడు తమ ల్యాప్‌టాప్‌ను చేతికందిన పోర్టులో గుచ్చుతారు. వారికి కెమెరాల మడిలోని పోర్టు ఒకటి చూపించి, దాని మీద ఎర్ర టేపు చుట్టి ఉంచండి.

కంటి దారి పరీక్షకు మాత్రం గడువు వేరు. సంక్రాంతికి ముందు గోడలకు రంగులు వేయించి బల్లలు జరిపినప్పుడు, కొత్త మానిటర్ తెచ్చినప్పుడు, దేవుడి పటాలు మార్చి తగిలించినప్పుడు ఉత్తుత్తి జాబితా తెరిచి, ఫోను పట్టుకొని మళ్ళీ కస్టమర్ కుర్చీలో కూర్చోండి.